రిలీవర్ వచ్చేదాకా

నా చదువు ఏడో తరగతితో ఆగిపోయింది. ఆది తాళానికేమో ఎనిమిది లెక్క. ఆ ఎనిమిదోది ఎక్కడ జారిపోయిందో, మృదంగం ఒళ్ళో పెట్టుకున్నంత కాలం వెతుకుతూనే ఉన్నాను. మొన్న మా మనవరాలు నన్ను చెవుల డాక్టరు దగ్గరికి లాక్కుపోయినప్పుడు కూడా ఆ తాళమే నన్ను ఇరికించింది. నేను టీవీ పెట్టుకుంటే వీధి చివరివాళ్ళు వార్తలు వింటున్నారని దాని ఫిర్యాదు. అక్కడ నన్నొక అద్దాల గదిలో కూర్చోబెట్టి, రెండు చెవులకీ నల్లటి డిప్పలు తగిలించి, కూత వినిపించినప్పుడల్లా చెయ్యెత్తమన్నారు. నేను బుద్ధిగా ఎత్తాను, దించాను, ఎత్తాను, దించాను. అద్దం అవతలి పిల్ల తలుపు తీసి వచ్చి, "అంకుల్, మైనే అభీ షురూ హీ నహీ కియా" అంది. ఇంకా యంత్రమే మొదలుపెట్టలేదట. "తాతా, చీటింగ్ మత్ కరో" అని మా మనవరాలు బయటినుంచి కేకేసింది. చీటింగ్ కాదమ్మా, ఖాళీగా కూర్చుంటే నా చెయ్యి దానంతటదే లేచి తాళం వేస్తుంది, ఏం చెయ్యను?

ఆ తర్వాత నిజం కూతలు మొదలయ్యాయి. కొన్ని విన్నాను, కొన్ని విన్నట్టు నటించాను. చివర్లో ఒకటి వచ్చింది. సన్నగా, తిన్నగా, ఏ వణుకూ లేకుండా వచ్చి అలా నిలబడిపోయింది. ఆ పిల్ల ఆపింది గాని నా లోపల ఆగలేదు. ఎక్కడ విన్నానా అని చెయ్యెత్తడం మరిచిపోయి కూర్చున్నాను. చీటీ మీద కుడిచెవి బలహీనమని రాశారు. చెవికేం కాలేదు, అది అప్పుడు మా బావ దగ్గరికి వెళ్ళింది.

మా బావంటే మా అప్ప మొగుడు. మా వైపు అక్కని అప్ప అంటాం. బడి మానేశాక, మానేశానని నేనంటాను గాని నిజానికి బడీ నేనూ ఒకరినొకరం మానేసుకున్నాం, మా నాన్న నన్ను శ్రీకాకుళం వైపునుంచి రైలెక్కించి టాటానగర్‌లో అప్పకి అప్పజెప్పాడు. బాగ్‌బేరాలో వాళ్ళది రెండు గదుల అద్దె ఇల్లు. వెనక గోడకి అవతల రైల్వే యార్డు. వ్యాగన్లు ఒకదాన్నొకటి ఢీకొన్నప్పుడల్లా గోడమీద దేవుళ్ళందరూ ఒకేసారి తలలూపేవారు. నన్ను గమ్హరియాలో ఒక చిన్న వర్క్‌షాపులో లేతు మిషను దగ్గర పెట్టించింది బావే. మృదంగం మీద కూర్చోబెట్టింది కూడా ఆయనే, ఆ తప్పు ఆయన ఖాతాలోదే. ఆయన చిన్నతనంలో విజయనగరంలో ఒక గురువుగారి ఇంట నీళ్ళు మోసి ఫిడేలు నేర్చుకుని, తర్వాత మేనమామ వెంట ఇక్కడికొచ్చి, పెద్ద కార్ఖానాలో క్రేన్ డ్రైవరుగా కుదురుకున్నాడు. పగలు ఇనుము ఎత్తడం, సాయంత్రం మేకు మీదనుంచి ఫిడేలు దించడం. మనిషి సన్నం, మాట పొదుపు. క్రేన్ కేబిన్‌లో ఎండాకాలంలో కూడా చేతులకి తొడుగులు వేసుకునేవాడు, వేళ్ళ చివర్లు మొద్దుబారిపోతాయని. అందుకని తోటివాళ్ళు ఆయన్ని 'దస్తానా మాస్టర్' అనేవారు. ఆయన కోపగించుకోలేదు, తొడుగులూ తియ్యలేదు.

ఆయన సాధన షిఫ్టుల్నిబట్టి నడిచేది. ఏ షిఫ్టు వారం పొద్దున్నే ఎక్కి, మధ్యాహ్నం రెండింటికి దిగి, స్నానం చేసి, ఒక కునుకు తీసి, సాయంత్రం కల్యాణి. బి షిఫ్టు వారం రెండింటికి ఎక్కాలి గనక పొద్దున్నే బిలహరి. సి షిఫ్టంటే రాత్రంతా డ్యూటీ, పొద్దున నిద్ర, మధ్యాహ్నం లేచి మధ్యమావతి. పక్కింటి ఒడియావాళ్ళావిడకి రాగాల పేర్లు తెలియవు గాని షిఫ్టులు బాగా తెలుసు. గోడ అవతలినుంచి ఫిడేలు విని, "ఈ వారం మీ ఆయనది బి షిఫ్టు కదా" అని మా అప్పని అడిగేది. ఒకసారి కూడా తప్పలేదు. విద్వాంసులు దగ్గినా వాహ్వా అనే రసికులని తర్వాత చాలామందిని చూశాను, అంత కచ్చితంగా విన్నవాళ్ళు తక్కువ.

ఆ ఇంట్లో అన్నిటికంటే ఎక్కువ వినబడిన మాట రిలీవరు. కార్ఖానాలో క్రేన్ డ్రైవరు తన షిఫ్టు అయిపోయినా లేవకూడదు. తర్వాతి షిఫ్టువాడు వచ్చి, నిచ్చెనెక్కి, కేబిన్‌లో పక్కన నిలబడి, హ్యాండిలు మీద చెయ్యి వేశాకే ఈయన చెయ్యి తియ్యాలి. ఆ వచ్చేవాడే రిలీవరు. వాడు రాకపోతే ఇంకొకణ్ణి ఎక్కించేదాకా కూర్చోవాల్సిందే. ఎందుకంటే కింద మనుషులు తిరుగుతుంటారు, పైన కొక్కేనికి మరుగుతున్న ఇనుముండొచ్చు. ఈ అలవాటు బావ ఇంటికి కూడా తెచ్చుకున్నాడు. రాగం మధ్యలో మా అప్ప అన్నానికి పిలిస్తే, "రిలీవరుని పంపు, వత్తాను" అనేవాడు. నేను మృదంగం తీసుకుని బయల్దేరేవాణ్ణి. "నువ్వు కాదు" అనేవాడు, కళ్ళు తెరవకుండానే.

ఇక అసలు సంగతి. డెబ్బైల్లో ఒక శ్రీరామనవమికి మా తెలుగువాళ్ళ పందిట్లో మద్రాసునుంచి ఒక పెద్ద విద్వాంసుడి గాత్రం ఏర్పాటు చేశారు. తెలుగాయనే. పేరు చెప్పను, పెద్దాయన అంటాను. పందిరి సంఘం సెక్రటరీగారు బిష్టుపూర్‌లో ఉండే ఇంజనీరు. ఆ ముందు రోజు ఆయన స్కూటరు మా సందులోకి వచ్చేసరికి వీధంతా బయటికొచ్చి చూసింది. పెద్దాయన తెచ్చుకున్న ఫిడేలు మనిషికి దారిలో జ్వరం తగిలి ఖరగ్‌పూర్‌లో చుట్టాలింట దిగిపోయాడట. "మీరు వాయించాలి" అన్నారు సెక్రటరీగారు. బావ కాసేపు తన వేళ్ళు చూసుకుని, "ఏ షిఫ్టేనండి. రెండింటికి దిగిపోతాను. ఆరింటికి కదా, వత్తాను" అన్నాడు. మృదంగం మనిషి పెద్దాయన వెంటే వచ్చాడు కాబట్టి నాకు శ్రుతిపెట్టె ఇచ్చారు. తిత్తి ఊదడానికి ఎనిమిది లెక్క అక్కర్లేదని అంత ధైర్యం చేసి ఉంటారు.

మర్నాడు రెండు దాటింది, మూడు దాటింది, బావ ఇంటికి రాలేదు. మా అప్ప ఇస్త్రీ చేసిన పంచె, లాల్చీ మంచం మీద పరిచి గుమ్మంలో నిలబడింది. "ఏటయ్యిందిరా, ఓపాలి గేటు కాడికెల్లి సూడు" అంది. సెక్రటరీగారి స్కూటరు వెనక కూర్చుని వెళ్ళాను. దారి పొడుగునా రామనవమి జెండాలు, డోళ్ళు, కర్రసాము ఊరేగింపులు. స్కూటరు నడిచింది తక్కువ, మేం దాన్ని నడిపించింది ఎక్కువ. బావ రిలీవరు ఛాప్రా వైపు మనిషి, వాళ్ళ అఖాడాకి, అంటే కర్రసాము జట్టుకి, పెద్ద కర్ర తిప్పేది వాడే. ఆ ఊరేగింపులోనే ఎక్కడో చిక్కుకుపోయాడు. ఇటు పందిట్లో రాముడికి కచేరీ, అటు రోడ్డు మీద రాముడికి జెండా. ఆ రోజు రాముడికి రాముడే అడ్డం పడ్డాడు. సెక్రటరీగారు కార్ఖానా ఆఫీసరే గనక లోపలికి వెళ్ళగలిగారు. నేను గేటు బయట వేరుసెనక్కాయలు వొలుచుకుంటూ నిలబడ్డాను. ఆయన తిరిగొచ్చి, "మీ బావ దిగడయ్యా. దిగమని నేను అడగనూ కూడదు. ఫోర్‌మన్ ఇంకో డ్రైవరు కోసం మనిషిని పంపాడు" అన్నారు. క్రేను కింద నిలబడి ఆయన అరిచారట, పైనుంచి బావ తల బయటికి పెట్టి, "పెద్దాయన్ని మొదలెట్టీమనండి. నా కోసం ఆపకండి" అన్నాడట.

ఆరయ్యింది. పెద్దాయన వేదికెక్కి, శాలువా సర్దుకుని, పక్కన ఖాళీగా ఉన్న చోటు చూసి, వెనక్కి తిరిగి నన్నడిగాడు. "ఏం నాయనా, ఫిడేలు ఆయన ఎక్కడ?"

"పైనున్నాడండి" అన్నాను.

ఆయన మొహం పాలిపోయింది. "అయ్యయ్యో, ఎప్పుడు పోయారు?"

"పోలేదండి. పైన క్రేన్‌లో ఉన్నాడు, దిగలేదు."

మృదంగం మనిషి పెద్దగా నవ్వాడు. పెద్దాయన నవ్వలేదు. ఫిడేలు లేకుండా పాడటమంటే ఆయన వయసుకి చిన్న సంగతి కాదు. గొంతు కాస్త తడబడినా ఆనుకోడానికి పక్కన ఏమీ ఉండదు. వర్ణం ముగించాడు, రెండు కీర్తనలు లాక్కొచ్చాడు. వెనకనుంచి ఆయన మెడ నరాలు నాకు కనబడుతున్నాయి. మంచి గొంతే, కాని దాన్ని చాలా ఊళ్ళు వాడేశాయి. పైగా మా ఊరి పొగ ఎవర్నీ పెద్దా చిన్నా చూడదు. కాంభోజి అందుకుంటుండగా, ఫోర్‌మన్‌కి ఇంకో డ్రైవరు దొరికినట్టున్నాడు, పందిరి పక్కనుంచి బావ వచ్చాడు. ఖాకీ బట్టలు, మెడలో మసిపట్టిన తువ్వాలు. ఆ పంచె, లాల్చీ మా అప్ప ఒళ్ళోనే ఉండిపోయాయి. కాళ్ళు కడుక్కుని, అప్ప ఇంటినుంచి తెచ్చిన ఫిడేలు అందుకుని, వేదికెక్కి, పెద్దాయనకి దణ్ణం పెట్టి, మూలకి తిరిగి బొటనవేలితో తీగలు మెల్లగా మీటుకుని శ్రుతి చూసుకున్నాడు. ఆయన కూర్చున్నాక రెండు నిమిషాలైనా అయిందో లేదో.

పెద్దాయన ఆలాపన పైకి తీసుకెళ్ళి తారషడ్జం మీద నిలబెట్టాడు. నిలబెట్టిన చోటే గొంతు పట్టేసింది. దగ్గు. నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకున్నాడు. ఆగలేదు, ఇంకా దగ్గు. పందిట్లో జనం కదలడం మానేశారు. అలాంటప్పుడు ఫిడేలు మనిషి పాట తను అందుకుని, తన చేతిలో ఉన్నదంతా చూపించుకోవచ్చు. అది మర్యాదే, ఎవరూ తప్పుపట్టరు. పెద్దాయన కూడా దగ్గుతూనే 'నువ్వు కానీ' అన్నట్టు చెయ్యి ఊపాడు. బావ కొద్దిగా తల అడ్డంగా ఊపాడు. ఆయన ఎక్కడ వదిలాడో అదే స్వరం పట్టుకుని కూర్చున్నాడు. కమాను ఇటునుంచి అటు, అటునుంచి ఇటు. తిప్పిన చోటు వినబడలేదు. గమకం లేదు, అలంకారం లేదు, ఒక్కటే గీత. మొన్న ఆ డిప్పల్లో నాకు వినబడింది అదే. పెద్దాయన తన ఫ్లాస్కు మూత తిప్పాడు, రాలేదు. నేను తిత్తి ఒక చేత్తో ఊదుతూ రెండో చేత్తో మూత తీసిచ్చాను. వేణ్ణీళ్ళు తాగాడు, గొంతు సవరించాడు, కళ్ళు మూసుకున్నాడు, మెల్లగా వచ్చి ఆ గీతలో కలిసిపోయాడు. కలిశాకే బావ కమాను తేలికపడింది.

జనానికి చప్పట్లు కొట్టాలో వద్దో తెలియని ఆ క్షణంలో, వెనక వరసలో రోలింగ్ మిల్లు వాళ్ళ మధ్యనుంచి ఒక గొంతు లేచింది. "ఒరే, రిలీవరొచ్చీసేడ్రా!"

పందిరి పందిరంతా గొల్లుమంది. చప్పట్లు, ఈలలు. పెద్దాయనకి ఆ మాట అర్థం కాలేదు. కచేరీ ముగించి, దిగాక సెక్రటరీగారిని అడిగి చెప్పించుకున్నాడు. తర్వాత బావ భుజం మీద చెయ్యి వేసి, "రేపు సాయంత్రం బండికి నాతో వచ్చెయ్యి. సెలవు పెట్టు, తర్వాత ఉద్యోగం సంగతి చూసుకుందాం. నా పక్కన ఇలాంటి మనిషి ఉండాలి" అన్నాడు. మేమంతా వింటుండగానే అన్నాడు. బావ ఆయన కాళ్ళకి దణ్ణం పెట్టి లేచాడు. అవుననలేదు, కాదనలేదు.

మర్నాడు బావ మామూలుగానే ఏ షిఫ్టుకి వెళ్ళిపోయాడు. నేను మాత్రం గమ్హరియా మానేసి, టీ దుకాణం దగ్గర నిలబడి, మా బావ మద్రాసు వెళ్ళిపోతున్నాడని వచ్చినవాళ్ళందరికీ చెప్పాను. సాయంత్రానికి ఆ వార్త ఎంత పెరిగిందంటే, ఆయన్ని సినిమాలకి తీసుకున్నారా అని అడిగారు. వెళ్ళొద్దని మా అప్ప అడ్డం పడుతుందని నేననుకున్నాను. అది సంచి సర్దుతోంది. ఊరగాయ సీసాకి గుడ్డ కడుతూ, "ఎల్లనీరా" అంది. "ఈ యార్డు గోడలకి ఎన్నేళ్ళు వాయిత్తాడు? దేవుళ్ళు బుర్రలూపితే సాలా? మనుసులు ఇనాల." అది ఏడుస్తూ అన్లేదు, ఊరగాయ గురించి చెప్పినట్టే చెప్పింది. అప్పటిదాకా మా అప్పకి ఫిడేలంటే అన్నం చల్లారబెట్టే వస్తువని నా అభిప్రాయం.

బావ వచ్చి, స్నానం చేసి, కునుకు తీసి, లేచి ఫిడేలు దించి కల్యాణి మొదలుపెట్టాడు. "బండికి టైమవుతోంది, ఏటిది?" అని మా అప్ప గుమ్మంలో నిలబడింది. ఆయన పూర్తిగా వాయించి, తీగలు తుడిచి, ఫిడేలు మేకుకి తగిలించి, చెప్పులేసుకున్నాడు. ఫిడేలు తీసుకోలేదని ముందు మా అప్ప చూసింది. నేను గమనించలేదు, నా ధ్యాసంతా సంచి బరువు మీద ఉంది. అది మోసుకుంటూ ఆయన వెంట స్టేషన్‌దాకా నడిచాను.

పెద్దాయన కిటికీ పక్కన కూర్చుని ఉన్నాడు. బావని, వెనక సంచితో నన్నూ చూసి, "ఎక్కండి, ఎక్కండి" అన్నాడు.

"నేను రానండి" అన్నాడు బావ.

"ఏం, ఇంట్లో వొద్దన్నారా?"

"లేదండి, ఇంట్లో సంచి సర్దేసేరు. నేనే." అలవాటు లేని పని గనక మాటలకి కాస్త వెతుక్కున్నాడు. "డ్యూటీ అంతసేపూ సెయ్యి హ్యాండిలు మీదుంటాదండి. రిలీవరొచ్చి సెయ్యేసేక నిచ్చెన దిగుతాను. ఇంటికొచ్చి ఫిడేలు మీద మొదటి గీత గీత్తాను సూడండి, ఆ గీత కోసమే దిగుతాను. రోజూ. రోజల్లా ఫిడేలే అయితే మరి దాని కాణ్ణుంచి నన్ను రిలీవు సేసేవోడెవడండి?"

పెద్దాయన కిటికీ ఊచ పట్టుకున్నాడు. నవ్వబోయి మానేశాడు. "నాకు మొదట్నుంచీ రిలీవరు రాలేదు నాయనా" అన్నాడు.

బండి కదిలింది. ఆయన చెయ్యి ఊపలేదు, మావైపు చూస్తూనే ఉన్నాడు. బావ ప్లాట్‌ఫారం చివరిదాకా నడిచి, అక్కడ నిలబడి, ఆఖరి పెట్టె దాటాక వెనక్కి తిరిగాడు.

మా అప్ప వారం పాటు ఆయనతో అవసరమైన మాటలే మాట్లాడింది. పులుసులో ఉప్పు మాత్రం సమంగానే వేసింది, అది దాని గొప్పతనం. సంచి విప్పి బట్టలు తీసింది, ఊరగాయ సీసా గూట్లో పెట్టింది. నేను టీ దుకాణం వైపు కొన్నాళ్ళు వెళ్ళలేదు. స్టేషన్‌నుంచి వచ్చిన మర్నాటి సాయంత్రం కూడా బావ కల్యాణే వాయించాడు, అంతకు ముందు కంటే బాగా కాదు, తక్కువగానూ కాదు. పక్కింటావిడకి ఏం తేడా తెలియలేదు. నిజం చెప్పాలంటే నాకూ తెలియలేదు.

ఎనభైల్లో ఒక సాయంత్రం రేడియోలో పెద్దాయన పాట వచ్చింది. గొంతు బాగా అరిగిపోయింది. పైకి వెళ్ళిన ఒకచోట విరిగింది. పక్కన వాయిస్తున్న కుర్రాడెవరో చటుక్కున అందుకుని చక్కగా సంగతులు వేసుకుంటూ వెళ్ళిపోయాడు. బాగానే వేశాడు. బావ కుర్చీ చేతిమీద వేలు గట్టిగా నొక్కి పట్టుకుని కూర్చున్నాడు. పెద్దాయన మళ్ళీ పాటలోకి వచ్చేదాకా ఆ వేలు తియ్యలేదు. నేనది చూశాను, ఏమీ అనలేదు. ఏమీ అనకుండా ఉండటం నా జీవితంలో అరుదు గనక గుర్తుండిపోయింది. వెళ్ళి ఉంటే ఎలా ఉండేదని మేమెవరం ఆయన్ని అడగలేదు. ఏ రోజుకారోజు ఏదో షిఫ్టు, ఏదో రాగం. అలా ఏళ్ళు, మేం లెక్కపెట్టకుండానే, ఒకదాని వెనక ఒకటి యార్డు దాటి వెళ్ళిపోయాయి.

అదే దశాబ్దం చివర్లో ఆయన రిటైరయ్యాడు. కార్ఖానావాళ్ళు వేసిన దండతోనే ఇంటికొచ్చి, దాన్ని తలుపు గొళ్ళేనికి తగిలించి, ముందు గదిలో కూర్చున్నాడు. నాకు ఊరుకోబుద్ధి కాలేదు. ఎంతైనా బావ, పైగా ఇన్నాళ్ళకి దొరికాడు. "ఏం బావా, ఆ వేళ టేసన్లో పెద్దాయనకి పెద్ద లెక్చరిచ్చీసేవు. డ్యూటీ అయిపోయింది గదా, రేపట్నుంచి రోజల్లా ఫిడేలే. మరిప్పుడు దాని కాణ్ణుంచి నిన్ను రిలీవు సేసేదెవుడు?" అన్నాను.

బావ నవ్వాడు. వంటింట్లో చేటలో బియ్యం ఏరుతున్న మా అప్ప తలెత్తకుండానే అంది: "ముసిలితనం వచ్చీసింది గదరా, అదే రిలీవరు. ఎవులూ కబురంపక్కర్నేదు, ఏ షిఫ్టుకీ లేటవ్వదు. నీక్కూడా బయల్దేరిపోయింది, కంగారు పడకు."